రాణి కాదు గాని, రాణులకన్న ఎక్కువ తిట్లు పడ్డది నాయకురాలు నాగమ్మ

"సినిమాలల్ల, కథలల్ల అన్యాయంగ చెడ్డపేరు మోసిన రాణి ఎవరు" అని అడిగిన్రు గదా, రజియా సుల్తానా, నూర్జహాన్ పేర్లు అందరు చెప్తరు, నేను మాత్రం నాయకురాలు నాగమ్మ పేరే చెప్త. కిరీటం పెట్టుకోలేదు నిజమే, పల్నాటి నలగామరాజుకు మంత్రి ఆమె, కాని గురజాలల కూసోని రాజ్యం నడిపింది ఆమెనే. పైగా మన కరీంనగర్ దిక్కు రైతు ఇంట్ల పుట్టి, చిన్నతనంల మొగడు పోయి, పల్నాడుల జిట్టగామాలపాడు చేరిన మనిషి అని పెద్దలు చెప్తరు. మన దిక్కు ఆడిబిడ్డ అట్లెదిగితె మనమే ఆమె పేరును తిట్టు కింద వాడుకుంటానం, నా బాధ అది.

మా పెద్దమ్మ పరకాల దిక్కు ఒక ఊర్లె మహిళా రిజర్వేషన్ల సర్పంచ్ అయింది. అందరు అనుకున్నది ఏందంటే సంతకాలు ఆమె పెడ్తది, పెత్తనం మొగోళ్లది అని. ఈమె మొదటి గ్రామసభల్నే అంగడి తైబజార్ వేలం పైసలు ఎన్నొచ్చినయి, పంచాయతీ ఖాతాల ఎన్ని జమైనయి, రశీదు బుక్కు తెండ్రి అన్నది. బుక్కు తెచ్చిన్రు, నడుమ కొన్ని కాయితాలు చింపి ఉన్నయి, ఈమె బొటనవేలు తోని ఒక్కొక్క కార్బన్ కాపీ తిప్పుకుంట నంబర్లు చదువుతాంది, వేలంత నీలం రంగైంది. అప్పుడు ఒకాయన తువ్వాల దులుపుకుంట లేచి "నాయకురాలు నాగమ్మ మోపైంది మన ఊరికి, ఇగ కొంపలు మునుగుడే" అన్నడు. అందరు ఫక్కున నవ్విన్రు, ఆడోళ్లు సుత నవ్విన్రు. పెద్దమ్మ తలెత్తకుంటనే "నాగమ్మో గీగమ్మో, ముందు ఈ చింపిన కాయితాలు ఏడవొయినయో చెప్పు" అన్నది.

రాత్రి బువ్వ తినుకుంట నన్నడిగింది, "ఆ నాగమ్మ ఏం చేసింది బిడ్డా, పైసలు తిన్నదా?" అని. నేను టీవీల చూసిన కథంత చెప్పిన, కోడిపందెం, మాచర్ల ఏలిన మలిదేవుని పక్షపోళ్లు ఓడిపోవుడు, ఏడేండ్లు రాజ్యం విడిచి పోవుడు, ఆఖరికి కారంపూడి యుద్ధం. అంత ఇని ఒక్కటే అడిగింది, "మరి కోడి మీద రాజ్యం పెట్టింది ఎవలు?" మలిదేవుని మంత్రి బ్రహ్మనాయుడు అన్న. "మరి ఆయిన్నేం అనరా?"

నిజంగనే ఎవ్వలు ఏమనరు! చిట్టిమల్లు అనే కోడిని నమ్మి ఏలుకునే రాజ్యాన్నే పందెం ఒడ్డినాయన మహానుభావుడు, ఆ పందెం గెలిచినామె మాయలాడి. బ్రహ్మనాయుడు గొప్పోడు కాదని నేను అంటలేను, అన్ని కులాలోళ్లను ఒక్క చాప మీద కూసోబెట్టి చాపకూడు తినిపిచ్చిండు, కన్నమదాసును సేనాపతి చేసిండు, ఆ కాలంల అది మామూలు ముచ్చట కాదు. కాని ఆయన గొప్పతనం చూపెట్టాలంటె ఎదురుంగ ఒక రాక్షసి ఉండాల్నా?

అసలు కొట్లాట దేనికి? అన్నదమ్ముల పంపకం. నలగాముని తండ్రి అనుగురాజుకు పల్నాడు ఎట్లొచ్చింది, వెలనాటి గొంకరాజు తన బిడ్డ మైలమాదేవిని ఇచ్చి పెండ్లి చేసి అరణంగ, అంటె కట్నం లెక్క, ఇచ్చిండు. ఆ మైలమాదేవి కొడుకే నలగాముడు. మలిదేవుడు వాళ్లు ఇంకో రాణి కొడుకులు. అంటె తల్లి అరణం భూమిల సవతి కొడుకులకు పాలు పంచాల్నా వద్దా అనే తగాద ఇది, ఇప్పుడు మన ఊర్లల్ల పట్టాదారు పాసుబుక్కుల కాడ జరిగే పంచాది లెక్కనే. నలగాముని మంత్రి నలగాముని దిక్కు మాట్లాడక ఇంకెవరి దిక్కు మాట్లాడుతది చెప్పుండ్రి? మొగ మంత్రి అదే పని చేస్తె రాజనీతి అంటరు.

ఇంకో సంగతి ఎవ్వలు పట్టించుకోరు. ఈ కథ మనకు ఎవరి నోటి నుంచి వచ్చింది? కారంపూడిల సచ్చిన వీరులకు గుడి ఉన్నది, ఏటేట కార్తీక మాసంల ఉత్సవాలు చేస్తరు, వీరవిద్యావంతులు కథ పాడుతరు. అంటె మలిదేవుని పక్షంల సచ్చినోళ్లను దేవుళ్లు చేసుకొని కొలిచేటోళ్ల పాట అది. యుద్ధం 1182 ప్రాంతంల అయితె, శ్రీనాథుని పేరు మీదున్న ద్విపద కావ్యం 15వ శతాబ్దంది, రెండు వందల ఏండ్లకు పైన గడిచినంక. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం గారు 1911ల అచ్చేయించిన్రు. ఆ కాలంల నాగమ్మ దిక్కు నుంచి పాడినోడు లేడు, రాసినోడు లేడు. ఆమె శివభక్తురాలు, వాళ్లు వీరవైష్ణవులు, ఆ పగ సుత పాటలకెక్కింది. ఒక పక్షం భక్తుల పాటను పట్టుకొని చరిత్ర అంటానం.

సినిమాలు ఇంకింత చేసినయి. 'పల్నాటి యుద్ధం' సినిమాలల్ల నాగమ్మ వేషం 1947ల కన్నాంబ, 1966ల భానుమతి వేసిన్రు, ఇద్దరు ఎంత గొప్పగ చేసిన్రో చెప్పలేను, కాని వాళ్లు ఎంత బాగ చేస్తె నాగమ్మకు అంత నష్టమైంది, జనం మనసుల ఆ కోపపు చూపే ఉండిపోయింది. 1966 దాంట్ల ఎదురుంగ బ్రహ్మనాయుడు ఎవరు, ఎన్టీఆర్! ఇగ ప్రేక్షకుడు ఎటు మొగ్గుతడు?

మా వరంగల్ల రుద్రమదేవికి సుత వేరే తీరు అన్యాయం జరిగింది. 1262 నుంచి రాజ్యం ఏలింది, ముసలితనంల సుత యుద్ధానికి పోయింది, 1289 చందుపట్ల శాసనం తోని ఆమె మరణం సంగతి తెలిసింది. ఖిల్లాల కీర్తితోరణం కాడ సెల్ఫీలు దిగే పోరగాండ్లను అడుగుండ్రి, 2015 సినిమాల గోన గన్నారెడ్డి డైలాగులు చెప్తరు, చందుపట్ల అంటె మొఖాలు చూసుకుంటరు. కాని రుద్రమ రాజు బిడ్డ కాబట్టి కనీసం గౌరవం దక్కింది. నాగమ్మ రైతు బిడ్డ, విధవ, ఆమెకు అదీ లేదు. మన వెయ్యిస్తంభాల గుడి కట్టించిన కాకతి రుద్రదేవుడే నలగామునికి సైన్యం సాయం పంపిండని చరిత్రకారులు రాసిన్రు, అంటె ఓరుగల్లు ఆ యుద్ధంల నాగమ్మ పక్కనే నిలవడ్డది. ఆ ముచ్చట ఏ బడిపుస్తకంల చదివినం మనం?

మరి అలరాజు హత్య సంగతేందని అడుగుతరు, రాయబారం వచ్చిన నలగాముని అల్లుణ్ని విషం పెట్టి చంపిచ్చిందని. కథల ఆ నేరం ఆమె మీదనే ఉన్నది, నేను దాస్తలేను. కాని ఆ కథ పాడినోళ్లెవరో పైన చెప్పిన. సాక్షి ఒక పక్షపోడే అయినప్పుడు మన ఊరి పంచాయతీల సుత తీర్పు చెప్పరు, రెండో పక్షాన్ని పిలిపిస్తరు.