వేలిముద్రలో లెక్కలుండవమ్మా

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలం. మా ఆయన రొయ్యల గుంట చూసుకుంటారు. బాబు పదో తరగతి. మాకు తెలిసినవాళ్లు చెబితే వేలిముద్రల పరీక్ష చేయించాం, రెండు వేలు తీసుకున్నారు. ‘శారీరక ప్రజ్ఞ ఎక్కువ, తార్కిక గణిత ప్రజ్ఞ తక్కువ, ఎంపీసీ వద్దు’ అని రిపోర్టిచ్చారు. లెక్కల్లో మార్కులు కూడా నలభై దాటవు. ట్యాబ్‌లో పాఠాలు చూస్తానే ఉంటాడు గానీ ఒంటబట్టడం లేదు. గుంట కాడ మాత్రం వాళ్ల నాన్నకన్నా ముందే కౌంట్ చెప్పేస్తాడు. ఏ గ్రూపులో చేర్చమంటారు?

జవాబు: అసలైన మాట చివర్లో రాశారమ్మా. వల విసిరి తీసిన రొయ్యల్ని తూచి ‘యాభై కౌంట్ నాన్నా’ అన్నాడంటే, కిలోకి యాభై తూగుతున్నాయని, ఒక్కోటి 20 గ్రాములుందని వాడికి తెలుసు. అదే 25 గ్రాములకి పెరిగితే 40 కౌంట్. బరువు పెరిగేకొద్దీ కౌంట్ తగ్గుతుంది. పుస్తకంలో దీన్నే విలోమానుపాతం అంటారు. ఆ పేరు చూస్తే బెదిరేవాడు గట్టు మీద నిలబడి నోటితో చేసేస్తున్నాడు. వేలిముద్ర తీసుకున్నాయనకి ఇది యాడ కనబడుతుంది?

రిపోర్టులోని పదాలు మాత్రం వాళ్లు పుట్టించినవి కావు. హార్వర్డ్ ప్రొఫెసర్ హోవర్డ్ గార్డ్‌నర్ 1983లో బహుళ ప్రజ్ఞా సిద్ధాంతం చెప్పారు. తెలివి ఒక్కటే కాదు, ఏడు రకాలన్నారు. తర్వాత ప్రకృతికి సంబంధించిన ప్రజ్ఞను కలిపి ఎనిమిది చేశారు. డీఎస్సీకి చదివేవాళ్లనడిగితే ఎనిమిదీ గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. దీన్ని ఒప్పుకోని మనస్తత్వవేత్తలు చాలామందే ఉన్నారు. ఒక రకం పరీక్షలో బాగా చేసినవాళ్లు మిగతావాటిలోనూ బాగానే చేస్తుంటారు, మరి ఇవి వేరువేరు ప్రజ్ఞలెలా అవుతాయన్నది వాళ్ల వాదన. ఆ తగవు మనకొద్దు. వేలి గీతల్లో ప్రజ్ఞ తెలుస్తుందని గార్డ్‌నర్ ఎక్కడా చెప్పలేదు. ఈ వేలిముద్రల పరీక్షలకు శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా చెప్పింది. పిల్లల్ని ‘వీడు చూసి నేర్చుకునే రకం, వాడు విని నేర్చుకునే రకం’ అని విడగొట్టడానికి తన సిద్ధాంతాన్ని వాడొద్దని 2013లో గార్డ్‌నరే రాశారు. నేను దాన్నుంచి తీసుకునేది ఒక్కటే: ఒక పాఠానికి ఒక్క వాకిలే ఉండక్కర్లేదు. మీవాడికి గుంట గట్టు ఒక వాకిలి.

ఇక ట్యాబ్. సర్కారు బళ్లలో ఎనిమిదో తరగతి వాళ్లకి 2022, 2023 డిసెంబరు నెలల్లో పాఠాలు నింపి ట్యాబ్‌లిచ్చారు. మంచిదే. కానీ వీడియో చూస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, పెన్ను పట్టుకుంటే చేయి కదలదు. మీవాడి ఇబ్బంది ఇదేననుకుంటున్నా. చూడ్డం తగ్గించి చేయించండి. ఫోన్లో ఎక్సెల్ లాంటి షీటు తెరిచి గుంట లెక్కలు వాణ్నే రాయమనండి. లక్ష పిల్ల వదిలితే ఎనభై వేలు బతికాయనుకుందాం. ఒక్కోటి 20 గ్రాములైతే మొత్తం 1,600 కిలోలు. రోజుకి ఆ బరువులో మూడు శాతం మేత అంటే 48 కిలోలు. ఆ సూత్రాన్ని గళ్లలో వాడే ఎక్కించాలి, మీరెవరూ చెప్పొద్దు. శాతాలూ నిష్పత్తులూ అక్కడే తేలిపోతాయి. ఇంకో పని: తెల్లారగట్ల ఏరేటర్లు, అదే నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రాలు, ఎందుకు ఆపకూడదో రెండు నిమిషాలు తెలుగులో చెప్పి ఫోన్లో రికార్డు చేయమనండి. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఉండదు. రొయ్యలూ నీళ్లలోని నాచూ ప్రాణవాయువు వాడుకుంటూనే ఉంటాయి. అందుకే తెల్లారేసరికి అది అడుగంటుతుంది. వాడి సైన్సు పుస్తకంలోని పాఠమే ఇది. ఎక్కడ తడబడ్డాడో అక్కడే ట్యాబ్‌లో పాఠం తెరిచి చూసుకోవాలి.

ఫిజిక్స్‌కి ఫెట్ (PhET) సిమ్యులేషన్లున్నాయి, అంటే తెర మీదే చేసి చూసుకునే ప్రయోగాలు, ఉచితం. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లవి. సర్క్యూట్లు వాడే కలిపి బల్బు వెలిగించొచ్చు.

గ్రూపు సంగతి. వాడికి నీళ్లూ రొయ్యలూ నచ్చితే బైపీసీ తీసుకుని ఈఏపీసెట్ రాసి, మన ముత్తుకూరు ఫిషరీ సైన్స్ కాలేజీలో నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీకి వెళ్లొచ్చు. గుంటకన్నా మోటార్లూ ఏరేటర్లూ విప్పడం ఇష్టమైతే పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా, ఆ తర్వాత ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలోకి. లెక్కలంటే భయం గనక బైపీసీ అనుకుంటే మాత్రం నేనొప్పుకోను. మందు మోతాదుకీ మేతకీ అక్కడా లెక్కే కావాలి. ఎంపీసీని మాత్రం ఇప్పుడే కొట్టేయకండి. నెలరోజులు ఆ షీటు నింపనిచ్చి, వాణ్నే అడగండి.

రెండు వేలు తీసుకున్నవాళ్లని మాత్రం ఒకసారి డబ్బు తిరిగివ్వమని అడిగి చూడండి.