ఇంటి టీవీని పొరుగూరి నుంచి చూడాలంటే

ప్రశ్న: మా ఇల్లు కూకట్‌పల్లిలో ఉంది. ఉద్యోగరీత్యా నేను పుణెలో ఉంటున్నాను. ఇంట్లోని సెట్‌టాప్ బాక్సులో వచ్చే ఛానెళ్లను ఇక్కడ చూడటానికి పాత స్లింగ్‌బాక్స్ కొనవచ్చునా?
– ఒక పాఠకుడు

జవాబు: దయచేసి కొనకండి. ఇంటి టీవీ చిత్రాన్ని ఇంటర్నెట్ ద్వారా దూరానికి పంపే ఆ పరికరం 2005లో మార్కెట్లోకి వచ్చింది; అది తన తయారీ సంస్థ సర్వర్ల మీద ఆధారపడి పనిచేసేది. 2022 నవంబరులో వాటిని మూసివేశారు కనుక ఎంత చవకగా దొరికినా డబ్బు దండగే.

దాని బదులు సెట్‌టాప్ బాక్సుకు వీడియో ఎన్‌కోడర్ (చిత్రాన్ని ఇంటర్నెట్‌లో పంపే రూపంలోకి మార్చే పరికరం) తగిలించుకోవచ్చు. హెచ్‌డీఎంఐ ద్వారా వచ్చే చిత్రానికి సాధారణంగా కాపీ రక్షణ (రికార్డు చేయనివ్వని తాళం) ఉంటుంది కాబట్టి, పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల ఏవీ కేబులును తీసుకునే ఎన్‌కోడరునే ఎంచుకోండి. చిత్రం స్పష్టత కొంత తగ్గుతుంది. ఛానెల్ మార్చడానికి వైఫైతో నడిచే ఐఆర్ బ్లాస్టరును (రిమోట్‌లా సంకేతాలు పంపే పరికరాన్ని) బాక్సు ముందు, దాని సెన్సారుకు ఎదురుగా పెట్టాలి. అయితే మీరు ఛానెల్ మారిస్తే ఇంట్లో అమ్మానాన్నలు చూస్తున్నదీ మారిపోతుంది. వీలైతే రెండో సెట్‌టాప్ బాక్సు కనెక్షన్ తీసుకోవడం మంచిది.

అసలు చిక్కు ఇంటర్నెట్‌తోనే. ఇక్కడ లెక్కలోకి వచ్చేది ఇంటి కనెక్షన్ డౌన్‌లోడ్ వేగం కాదు, అప్‌లోడ్ వేగం. పైగా చాలా బ్రాడ్‌బ్యాండ్ సంస్థలు ఒకే పబ్లిక్ ఐపీని (ఇంటర్నెట్‌లో కనిపించే చిరునామాను) అనేక ఇళ్లకు పంచుతాయి. అప్పుడు రౌటరులో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి అభ్యర్థనను ఇంట్లోని పరికరానికి మళ్లించే అమరిక) ఎంత జాగ్రత్తగా చేసినా బయటి నుంచి ఇంటి పరికరం అందదు. స్టాటిక్ ఐపీ (మీ ఇంటికే కేటాయించిన, మారని చిరునామా) అడగండి, లేదా ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు మీద టెయిల్‌స్కేల్ వంటి వీపీఎన్ (మీ పరికరాల మధ్య రహస్య దారి వేసే సాఫ్ట్‌వేర్) పెట్టండి. రెండోదే నా సలహా, ఎందుకంటే ఎన్‌కోడర్ ఇంటర్నెట్‌లో అందరికీ నేరుగా అందుబాటులో ఉండదు.