పై మోడల్ ట్రక్కు తక్కువ మోస్తుంది

ఈ నెల అనంతపురంలో ఉన్నానని తెలిసి ప్రొద్దుటూరు నుంచి ఒక పెద్దాయన ఫోను చేశారు. టెక్సస్ రాష్ట్రం డాలస్‌లో ఉంటున్న వాళ్ల అబ్బాయి ఊరి బయట రెండెకరాలు కొన్నాడట. చిన్న ట్రాక్టరును ట్రైలర్ మీద పెట్టి లాక్కెళ్లడానికి వెనుక తొట్టి ఉండే కొత్త పికప్ ట్రక్కు చూస్తున్నాడట. "ఎలాగూ కొంటున్నావు, పై మోడలే తీసుకో అన్నాను. అంతే కదా సార్?" అని అడిగారు. అంతే కాదు. ఎందుకో ఆ అబ్బాయికీ, కొత్తగా అమెరికా వచ్చి ట్రక్కు మీద మనసు పడిన మిగతావారికీ కలిపి చెబుతాను.

పెనుకొండ కియా కొన్నవారికి హెచ్‌టీఈ, హెచ్‌టీకే, హెచ్‌టీఎక్స్ అని హంగులను బట్టి పైకి వెళ్లే వరుస తెలుసు. ట్రక్కుల్లోనూ అలాంటి మెట్లే ఉంటాయి. ఫోర్డ్ ఎఫ్-150లో ఎక్స్‌ఎల్, ఎక్స్‌ఎల్‌టీ, లారియట్, కింగ్ రాంచ్, ప్లాటినం. షెవర్లే సిల్వరాడోలో డబ్ల్యూటీ నుంచి హై కంట్రీ దాకా. ర్యామ్ 1500లో బిగ్ హార్న్ అనేదాన్నే టెక్సస్‌లో లోన్ స్టార్ అని అమ్ముతారు, ఆ రాష్ట్రపు ముద్దుపేరు మీద అక్కడివారి అభిమానం తెలిసి. ఈ పేర్లను కాసేపు పక్కన పెట్టండి. క్యాబిన్, వెనుక తొట్టి పొడవు, ఇంజిన్, యాక్సిల్ నిష్పత్తి (ఇరుసులోని గేర్ల లెక్క) ఒకే మెట్టులో కూడా బండికీ బండికీ మారతాయి. ప్రకటనలో కనిపించే 13 వేల పౌండ్ల లాగుడు శక్తి వీటిలో ఏదో ఒక్క కలయికకే వర్తిస్తుంది. మీ ముందున్న బండి అది కాకపోవచ్చు.

అసలు చూడాల్సినది డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద కనిపించే చిన్న స్టిక్కరు. మనుషులు, సరుకు కలిపి ఇన్ని పౌండ్లు మించరాదని దాని మీద ఉంటుంది. ఫ్యాక్టరీలో బిగించిన హంగుల బరువు పోగా ఆ ఒక్క బండికి మిగిలిన అంకె అది. పెద్ద సన్‌రూఫ్, ఎక్కడానికి మోటారుతో దిగే మెట్లు, పెద్ద చక్రాలు, బరువైన సీట్లు అన్నీ అందులోంచే తింటాయి. అందుకే ఎక్కువ డబ్బు పోసిన బండి తక్కువ మోస్తుంది.

లెక్క వేద్దాం. స్టిక్కరు మీద 1,500 పౌండ్లు ఉందనుకోండి. ఇంట్లో నలుగురు ఎక్కితే 600. ట్రాక్టరు, ట్రైలర్ కలిపి 6,000 పౌండ్లయితే అందులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద, అంటే బండి మీదే పడుతుంది. 12 శాతం వేసుకున్నా 720. హిచ్ సామాను, పనిముట్ల పెట్టె మరో 100. మిగిలింది 80. తొట్టిలో యాభై పౌండ్ల ఎరువు బస్తాలు రెండు వేస్తే హద్దు దాటినట్టే! ప్రకటనలోని 13 వేలతో చూస్తే లాగుడు శక్తి మాత్రం ఇంకా సగానికి పైగా మిగిలే ఉంటుంది. సేల్స్‌మన్ ఆ పెద్ద అంకే చూపిస్తాడు.

ట్రైలర్ ప్యాకేజీ, అంటే ట్రైలర్ లాగడానికి కంపెనీ బిగించి ఇచ్చే సామాను, తప్పక తీసుకోండి. వెనుక హిచ్ కనిపించగానే ప్యాకేజీ ఉందనుకోవద్దు. ట్రైలర్ బ్రేకులను నడిపించే కంట్రోలర్ ఉందో లేదో విడిగా అడగండి. టెక్సస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కు బ్రేకులు ఉండాలి. ఫోర్ వీల్ డ్రైవ్ నగరంలో తిరిగేవారికి దండగ. ఈ అబ్బాయికి మాత్రం కావాలి. డాలస్ చుట్టుపక్కల నేల నల్లరేగడి. వాన పడ్డాక అది ఎలా పట్టుకుంటుందో ప్రొద్దుటూరు వారికి నేను చెప్పక్కర్లేదు.

తొట్టి అయిదున్నర అడుగులదా, ఆరున్నర అడుగులదా అన్నది గ్యారేజీని కొలిచి తేల్చండి. నాలుగు తలుపుల ఎఫ్-150 చిన్న తొట్టితోనే పందొమ్మిది అడుగులు దాటుతుంది, పెద్ద తొట్టికి మరో అడుగు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఎక్కడానికి మామూలు ఇనుప మెట్లు బిగిస్తే సరిపోతుంది.

ధర దగ్గర రెండు కాగితాలు ఉంటాయి. కిటికీ మీద అసలు ధర, ఆప్షన్లు, రవాణా ఖర్చు చూపే స్టిక్కరు కంపెనీ అతికించేది. దాని పక్కనే డీలర్ అతికించే రెండో కాగితంలో టైర్లలో నైట్రోజన్, రంగు మీద పూత లాంటివి ఉంటాయి. అవి వద్దని మొహమాటం లేకుండా చెప్పండి. టెక్సస్‌లో అమ్మకం పన్ను 6.25 శాతం, పాత కారు డీలర్‌కే ఇస్తే దాని విలువ తీసేసి మిగిలినదాని మీదే పన్ను పడుతుంది.

నేనైతే ఆ అబ్బాయికి ఎక్స్‌ఎల్‌టీ, లోన్ స్టార్ లాంటి మధ్య మెట్టే చెబుతాను, తలుపు స్టిక్కరు మీద అంకె 1,700 పౌండ్లు దాటితేనే. నచ్చిన రెండు మూడు బండ్ల తలుపు స్టిక్కరు, కిటికీ కాగితం ఫొటోలు తీసి ఇంటికి వెళ్లి పోల్చుకోమనండి. ఆ రోజే సంతకం పెట్టమని ఒత్తిడి చేస్తే, కావలసిన ఆప్షన్లతో ఫ్యాక్టరీకి ఆర్డరు పెడతానని చెప్పి లేచి రావచ్చు.