బడ్జీ పిల్లలకు కాలి రింగు ఎప్పుడు వేయాలి? కుండ ఉంచాలా, చెక్క పెట్టె పెట్టాలా?

మీ లవ్ బర్డ్స్ కుండలో ఐదు గుడ్లున్నాయనీ, మొదటి పిల్ల నిన్న బయటికొచ్చిందనీ రాశారు. రింగు ఏ సైజు, ఎప్పుడు వేయాలి, వేయకపోతే కేసవుతుందా, కుండ తీసేసి పెట్టె పెట్టాలా అని అడిగారు. చాలా ఏళ్లుగా ఇంట్లో బడ్జీలు పెంచుతున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు కేసు సంగతి. ఆ టెన్షన్ వదిలేయండి. మన ఊళ్లలో లవ్ బర్డ్స్ అని పిలిచేవి నిజానికి బడ్జీలు, ఆస్ట్రేలియా పిట్టలు. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ జాబితాలో కూడా ఇవి లేవు. వీటికి రింగు ఉండి తీరాలన్న రూలేమీ లేదు. రామచిలుకల సంగతి వేరు. అవి మన అడవి పక్షులు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇంట్లో ఉంచుకోవడమే నేరం. రింగు వేసినంత మాత్రాన అది ఒప్పయిపోదు.

మరి రింగు ఎందుకంటే మీ సొంత లెక్క కోసం. పిల్ల బడ్జీకి నుదుటి మీద ముక్కు దాకా సన్నటి గీతలుంటాయి. మూడు నాలుగు నెలలకు ఈకలు రాల్చుకోగానే అవి పోతాయి. ఆ తర్వాత ఏది ఎప్పుడు పుట్టిందో, ఏది దేని పిల్లో చూసి చెప్పడం కష్టం. ఒకే పంజరంలో రెండు జంటలు పిల్లల్ని తీశాయంటే, ఏడాది తిరిగేసరికి అన్నాచెల్లెళ్లనే జత కట్టేస్తారు. ఇంట్లో పెంచేవాళ్ల దగ్గర బలహీనమైన పిల్లలు రావడానికి ఇదొక పెద్ద కారణమని నా అభిప్రాయం. కాబట్టి రింగుతో పాటు ఒక నోటు పుస్తకం కొనండి. రింగు నంబరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల నంబర్లు అందులో రాసుకోండి. పుస్తకం లేకపోతే ఆ రింగు కాలి పట్టీతో సమానం.

ఇక సైజు. మామూలు బడ్జీకి లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్లున్న అతుకు లేని అల్యూమినియం రింగు సరిపోతుంది. పెద్ద తలతో ఉండే షో రకానికి అది బిగుతవుతుంది, 4.2 లేదా అంతకంటే కాస్త పెద్దది తీసుకోవాలి. విదేశీ బడ్జీ క్లబ్బుల రింగులకు ఏటికో రంగు ఉంటుంది. నారింజ, నీలం, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ, ఊదా వరసగా వచ్చి మళ్లీ మొదటికి వెళతాయి. ఇంట్లో పెంచుకునే మనకు నంబరు, సంవత్సరం చెక్కి ఉంటే చాలు. ఒక పక్క చీలిక ఉండే ప్లాస్టిక్ రింగు ఏ వయసు పిట్టకైనా తొడగొచ్చు. అందుకే అది వయసుకు సాక్ష్యం కాదు. 'రింగు పక్షి, ఏడాది లోపుదే' అని ఎవరైనా ఎక్కువ ధర చెబితే, రింగుకు అతుకుందో లేదో గోటితో తడిమి చూడండి.

అతుకు లేని రింగు పాదం చిన్నగా ఉన్నప్పుడే ఎక్కుతుంది. పుట్టిన 5 నుంచి 10 రోజుల మధ్య వేయాలి, నేను సాధారణంగా ఏడో రోజు చూస్తాను. ఇక్కడే చాలామంది పొరబడతారు. బడ్జీ రోజు విడిచి రోజు గుడ్డు పెడుతుంది. 18 రోజుల పొదుగు తర్వాత పిల్లలు కూడా దాదాపు అలాగే ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మీ ఐదు గుడ్లూ పిల్లలైతే పెద్దదానికీ చిన్నదానికీ ఎనిమిది రోజుల దాకా తేడా ఉంటుంది. అన్నిటికీ ఒకే రోజు వేస్తానంటే పెద్దదానికి ఎక్కదు, చిన్నదానికి ఊడిపోతుంది. ఏ పిల్ల లెక్క ఆ పిల్లదే. మీ మొదటి పిల్ల నిన్నే పుట్టింది, రింగులు ఇవాళే ఆర్డర్ పెట్టండి.

వేసే పద్ధతి చెబుతాను. చేతులు కడుక్కుని, కింద మెత్తటి గుడ్డ పరుచుకుని కూర్చోండి. బడ్జీకి ముందు రెండు, వెనక రెండు వేళ్లు. ముందు రెండింటినీ, వెనకవాటిలో పొడవైనదాన్నీ కలిపి ముందుకు చాచి పట్టుకుని, మూడింటి మీదుగా రింగు ఎక్కించండి. పాదం మందంగా ఉన్న చోటు దాటాక మెల్లగా పైకి జరపండి. వెనక చిన్న వేలు రింగు కింద కాలికి ఆనుకుని ఉండిపోతుంది. మొన తీసేసిన టూత్‌పిక్‌తో దాన్ని బయటికి లాగండి. ఈ చివరి పని మరిచిపోతే వేలు చచ్చుబడుతుంది. రింగు కాలి మీద పైకీ కిందికీ ఆడాలి, చుట్టూ తిరగాలి. ఎక్కకపోతే ఒక్క చుక్క కొబ్బరినూనె రాయండి. అప్పటికీ రాకపోతే బలవంతం వద్దు. పెద్దయ్యాక ప్లాస్టిక్‌ది వేసుకోవచ్చు. మర్నాడు ఊడి కనిపిస్తే రెండు రోజులాగి మళ్లీ వేయండి.

కొన్ని పెట్టలు మెరిసే రింగును చెత్త అనుకుని లాగుతాయి, దాంతో పాటు పిల్లనూ ఈడ్చేస్తాయి. నేను రింగుకు కాస్త రెట్ట పూసి మెరుపు పోగొడతాను. వినడానికి బాగోదు గానీ పనిచేస్తుంది. పిల్లలు గూడు వదిలేదాకా రింగు సందులో ఎండిన రెట్ట పేరుకుందేమో చూస్తుండాలి. కాలు వాచినా రంగు మారినా పక్షుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కటింగ్ ప్లేరుతో మీరే తీయబోతే కాలు విరుగుతుంది.

కుండ గురించి. కుండ చల్లగా ఉంటుంది, అడుగు గుంటగా ఉంటుంది కాబట్టి పిల్లల కాళ్లు పక్కలకు చాచుకుపోవు. దాని ఇబ్బంది ఒక్కటే, చెయ్యి పట్టదు. రింగు వేయాలన్నా, తడిసిన పొట్టు మార్చాలన్నా కుండ దించి వంచాల్సిందే. అందుకే నాకు చెక్క పెట్టే నచ్చుతుంది. అడుగు 15 సెంటీమీటర్ల చదరం, ఎత్తు 20 నుంచి 25, కన్నం 4.5 నుంచి 5 సెంటీమీటర్లు, పక్కన తెరిచే తలుపు. అడుగు చెక్కను గుంటగా తొలిపించి పైన రంపపు పొట్టు వేయాలి. చదునుగా వదిలేస్తే పిల్లల కాళ్లు నిలవక పక్కలకు చాచుకుపోతాయి.

అయితే ఇప్పుడు మార్చకండి. గుడ్లూ పిల్లలూ ఉండగా గూడు మారిస్తే పెట్ట మొత్తం వదిలేయొచ్చు. ఈ విడత పిల్లలు 30, 35 రోజులకు బయటికొస్తాయి. ఆ తర్వాత ఇంకో వారం పది రోజులు తండ్రే ఎక్కువగా మేపుతుంది, వాటిని వెంటనే వేరు చేయొద్దు. అప్పటిదాకా కొర్రలతో పాటు మునగాకు, సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ ఎముక) ముక్క పంజరంలో ఉంచండి. కాల్షియం తక్కువైతే తర్వాతి విడతలో గుడ్డు లోపలే ఇరుక్కునే ప్రమాదం ఉంది. వరసగా రెండు విడతలయ్యాక గూడు తీసేసి పెట్టకు కొన్ని నెలలు విశ్రాంతినివ్వండి. ఏప్రిల్, మే ఎండల్లో అయితే గూడు పెట్టనే వద్దు.