ఏఎస్‌యూ ఫుట్‌బాల్ టీమ్ 2025లో మళ్లీ ప్లేఆఫ్స్‌కి వెళ్తుందా?

మీ ప్రశ్న ఇది: "ఈ ఆగస్టులో (2025) అరిజోనా స్టేట్ యూనివర్సిటీ (ఏఎస్‌యూ)లో ఎంఎస్‌కి చేరాను. పోయినేడు ఫుట్‌బాల్ టీమ్ ప్లేఆఫ్స్‌కి వెళ్లిందట, సీనియర్లందరి నోటా అదే మాట. ఈసారి కప్పు కొడతారా? ఆట అస్సలు తెలియని నేను వెళ్లి చూడొచ్చా?"

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. మీ రెండో ప్రశ్నకి జవాబు సులువు. నిరభ్యంతరంగా చూడొచ్చు. మొదటిదానికి నా అంచనా: కప్పు రాదు. పన్నెండు మ్యాచుల్లో తొమ్మిది గెలుస్తారు. టీమ్ పోయినేటికి తీసిపోయిందని కాదు, పోయినేడు కలిసొచ్చినవన్నీ ఈసారీ కలిసిరావాలంటే కష్టం.

నేనూ ఏఎస్‌యూ ఉన్న ఊరు టెంపీలోనే ఎంఎస్ చేశాను, ఇప్పుడు చాండ్లర్‌లో ఉద్యోగం. నా స్టూడెంట్ రోజుల్లో, 2023లో, ఈ టీమ్ 3 గెలిచి 9 ఓడింది. పైగా ఆ సీజన్ మొదలవడానికి ముందే ఆటగాళ్లను చేర్చుకోవడంలో జరిగిన పాత గొడవల కారణంగా యూనివర్సిటీ తనకు తానే బౌల్ గేమ్ (సీజన్ అయ్యాక మంచి టీములు ఆడే మ్యాచ్) నిషేధం వేసుకుంది. సెకండ్ హాఫ్‌లో స్టాండ్స్ ఖాళీ అవుతుంటే, ఎండకు మాడుతూ మేం మాత్రం ఎందుకు కూర్చున్నామో ఇప్పటికీ అర్థం కాదు. కోచ్ కెనీ డిలింగమ్ అప్పుడే కొత్తగా వచ్చాడు. ఇదే యూనివర్సిటీలో చదువుకున్నవాడు, 32 ఏళ్లకే హెడ్ కోచ్ అయ్యాడు. కుర్రాడు, నేర్చుకుంటాడులే అని సరిపెట్టుకునేవాళ్లం.

2024లో టీమ్ పాక్-12 అనే కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే యూనివర్సిటీల లీగ్) వదిలి బిగ్ 12 అనే ఇంకో కాన్ఫరెన్స్‌లోకి మారింది. సీజన్‌కి ముందు మీడియా వేసిన ఓటింగ్‌లో 16 టీముల్లో చిట్టచివరి స్థానం మనదే. చివరికి ఫైనల్లో అయోవా స్టేట్‌ని 45-19తో చిత్తు చేసి ఆ కాన్ఫరెన్స్ టైటిలే ఎత్తుకొచ్చారు. 2025 జనవరి 1న అట్లాంటాలో పీచ్ బౌల్, అంటే ప్లేఆఫ్ క్వార్టర్ ఫైనల్. ఆట చివరి పావు భాగంలో 24-8తో వెనకబడి, టెక్సస్‌తో సమం చేసి, ఓవర్‌టైమ్‌లో ముందుకు కూడా వెళ్లారు.

ఇక్కడ ఆట గురించి ఒక్క ముక్క చెప్పాలి. బంతి చేతిలో ఉన్న టీమ్‌కి నాలుగు ప్రయత్నాలుంటాయి, వాటిలో పది గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు దొరుకుతాయి. ఇది తెలిస్తే మొదటి రోజుకి చాలు. ఆ ఓవర్‌టైమ్‌లో టెక్సస్‌కి మిగిలింది నాలుగో ప్రయత్నం, వెళ్లాల్సింది ఇంకా 13 గజాలు. ఆపితే మ్యాచ్ మనదే. సరిగ్గా అప్పుడే 28 గజాల పాస్‌తో టచ్‌డౌన్ (బంతిని అవతలి చివర గీత దాటించి పాయింట్లు కొట్టడం) చేశారు. రెండో ఓవర్‌టైమ్‌లో 39-31తో ఓడిపోయాం. మా అపార్ట్‌మెంట్లో ఆ సాయంత్రం ఎవరూ వంట చేయలేదు.

మీ సీనియర్లు ఈ కథంతా చెప్పే ఉంటారు. వాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. పోయినేడు గెలిచిన 11 మ్యాచుల్లో ఆరు ఎనిమిది పాయింట్లు, అంతకన్నా తక్కువ తేడాతో గెలిచినవే. టెక్సస్ స్టేట్ మీద 31-28, కాన్సస్ మీద 35-31, యూసీఎఫ్ మీదా 35-31, బీవైయూ మీద 28-23. మిస్సిసిపీ స్టేట్, యూటా మ్యాచులూ అంతే. ఎనిమిది పాయింట్లంటే ఈ ఆటలో ఒక్క టచ్‌డౌన్, దాని మీద వచ్చే అదనపు పాయింట్లు. ఐపీఎల్‌లో ఆఖరి ఓవర్ దాకా లాగి వరసగా గెలిచే టీమ్ మరుసటి సీజన్లో ఏమవుతుందో మీకు తెలుసుగా, ఇదీ అంతే. వీటిలో రెండు అటు తిరిగి ఉంటే ఫైనలూ లేదు, ప్లేఆఫూ లేదు.

ఆ దగ్గరి మ్యాచుల్ని ఇటు లాగినవాడు కామ్ స్కాటెబో, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్. 1,711 గజాల పరుగు, 21 రన్నింగ్ టచ్‌డౌన్లు, అది కాక పాసులు అందుకుని ఇంకో 605 గజాలు. పీచ్ బౌల్‌లో బౌండరీ దగ్గర వాంతి చేసుకుని మరీ వచ్చి ఆడాడు, పైగా తనే ఒక టచ్‌డౌన్ పాస్ విసిరాడు. మొన్న ఏప్రిల్‌లో ప్రొఫెషనల్ టీములు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అతన్ని న్యూయార్క్ జెయింట్స్ నాలుగో రౌండ్లో తీసుకుంది. అతని స్థానంలోకి ఆర్మీ టీమ్ నుంచి కన్యే ఉడో వచ్చాడు, అక్కడ పోయినేడు వెయ్యి గజాలు దాటించినవాడు. కైసన్ బ్రౌన్, రాలీక్ బ్రౌన్ కూడా ఉన్నారు. ముగ్గురూ కలిస్తే గజాల లెక్క సరిపోవచ్చు. రెండు గజాలు కావాల్సిన చోట నలుగురు మీద పడ్డా ఐదు గజాలు లాక్కెళ్లే మనిషి మాత్రం వీళ్లలో ఎవరో ఇంకా తేలలేదు.

అలాగని నిరాశపడాల్సిన పనీ లేదు. క్వార్టర్‌బ్యాక్, అంటే పాసులు విసిరి ఆట నడిపేవాడు, సామ్ లెవిట్ ఉన్నాడు. పోయినేడు తొలిసారి దాదాపు సీజనంతా ఆడి 24 టచ్‌డౌన్ పాసులు వేశాడు, ప్రత్యర్థులకు చిక్కినవి ఆరే. పాస్ కుదరకపోతే తనే పరిగెత్తుతాడు. నాకు భయం కూడా అక్కడే. పోయినేడు గాయంతో అతను ఆడని ఒక్క మ్యాచ్, సిన్సినాటిలో, 24-14తో ఓడాం. ఈ ఏడూ అతను రెండు మూడు మ్యాచులు తప్పుకుంటే నా తొమ్మిది కాస్తా ఏడవుతుంది. ఆ పాసులు అందుకునే రిసీవర్ జోర్డిన్ టైసన్ గురించి వేరే చెప్పక్కర్లేదు, 75 క్యాచులు, 1,101 గజాలు. కాలర్‌బోన్ విరిగి అయోవా స్టేట్‌తో ఫైనలూ పీచ్ బౌలూ ఆడలేదు. అతను ఉండుంటే టెక్సస్ గతి ఏమయ్యేదో అని మావాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు, నేనూ వాళ్లలో ఒకణ్ని. డిఫెన్స్‌లోనూ చాలావరకు పాతవాళ్లే. ఆటగాళ్లు యూనివర్సిటీ మారడానికి పేరిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ పుణ్యమా అని ఏటా సగం టీమ్ మారిపోయే ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

నవ్వొచ్చే సంగతి ఒకటి. ఆ సిన్సినాటి మ్యాచ్‌లో ఫీల్డ్ గోల్స్ (బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్యగా పంపి పాయింట్లు తేవడం) మిస్సయ్యాక, సోమవారం కిక్కర్లకి ట్రయల్స్ పెడతానని డిలింగమ్ ప్రెస్ ముందే ప్రకటించాడు. మా ఆఫీసులో ఫుట్‌బాల్ అంటే మెస్సీ అనుకునే ఒకాయన నిజంగానే అప్లై చేద్దామన్నాడు. ఈసారి ఈస్టర్న్ మిషిగన్ నుంచి హేసూస్ గోమెజ్ అనే కిక్కర్‌ని తెచ్చుకున్నారు. దగ్గరి మ్యాచులు తప్పవు కాబట్టి, నా దృష్టిలో పోర్టల్లో తెచ్చుకున్నవాళ్లందరిలో ముఖ్యుడు ఇతనే.

ఇక బయట మారినవి. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ సీజన్‌కి ముందు ఇచ్చిన ర్యాంకుల్లో మనది 11, బిగ్ 12 టీముల్లో అందరికన్నా పైన. పోయినేడు మనల్ని తేలిగ్గా తీసుకున్నవాళ్లంతా ఈసారి మనకోసమే సిద్ధమై వస్తారు. ప్లేఆఫ్ రూలూ మారింది. పోయినేడు ప్లేఆఫ్ టీముల్ని ఎంపిక చేసే కమిటీ ర్యాంకుల్లో మనది 12 అయినా, కాన్ఫరెన్స్ చాంపియన్ కాబట్టి నాలుగో సీడ్ ఇచ్చి నేరుగా క్వార్టర్ ఫైనల్‌కి పంపారు. 2025 నుంచి ర్యాంకుల్లో మొదటి నలుగురికే ఆ సౌకర్యం. అంటే మళ్లీ టైటిల్ గెలిచినా, టాప్ 4లో లేకపోతే ఒక మ్యాచ్ ఎక్కువ ఆడాలి. డబ్బు సంగతి సరేసరి. కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత 2025 జులై 1 నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్లకు నేరుగా చెల్లించొచ్చు, 2025-26లో ఒక్కో స్కూలుకి దాదాపు 2.05 కోట్ల డాలర్ల వరకు. టెక్సస్ టెక్ అయితే పోర్టల్లో డబ్బు కుమ్మరించింది. బిగ్ 12లో నాకు అసలు టెన్షన్ ఆ టీమ్‌తోనే. పోయినేడు మనల్ని 30-22తో ఓడించింది కూడా వాళ్లే.

షెడ్యూల్ చూస్తే ఏడు మ్యాచులు టెంపీలోనే. సెప్టెంబర్ 6న మిస్సిసిపీ స్టేట్, 20న బేలర్, అక్టోబర్ 11న యూటా, నవంబర్ 1న అయోవా స్టేట్, 22న కొలరాడో, ఈ ఐదింటికి బయటికెళ్లాలి. యూటాలో ఓడతామని నా అనుమానం. మిస్సిసిపీ స్టేట్, అయోవా స్టేట్‌లలో ఒకటి పోవచ్చు. మూడో ఓటమి ఎక్కడో నాకూ అంతు చిక్కట్లేదు, కానీ ఎక్కడో ఒకచోట ఉంటుంది.

మీరు ఆగస్టు 30న నార్తర్న్ అరిజోనా మ్యాచ్‌తో మొదలుపెట్టండి. అది తేలిక మ్యాచ్, ఆట అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. ఎండ దిగినా వేడి దిగదు, కాటన్ చొక్కా వేసుకోండి. లైట్ రైల్ స్టేడియం పక్కనే ఆగుతుంది, కారున్న ఫ్రెండ్ కోసం చూడక్కర్లేదు. నేను చదివిన రోజుల్లో స్టూడెంట్లకు స్పోర్ట్స్ ఫీజు సెమిస్టర్ ఫీజుల్లోనే కలిసి ఉండేది, టికెట్ విడిగా కొనాల్సిన పని లేదు, ముందుగా క్లెయిమ్ చేసుకుంటే చాలు. ఎలాగూ కట్టిన డబ్బే, వాడుకోండి. సెప్టెంబర్ 26 టీసీయూ మ్యాచ్ శుక్రవారం రాత్రి, అసైన్‌మెంట్లు గురువారానికే ముగించుకోండి. నవంబర్ 28న పక్క ఊరి ప్రత్యర్థి యూనివర్సిటీ ఆఫ్ అరిజోనాతో మ్యాచ్, దాన్ని టెరిటోరియల్ కప్ అంటారు. పోయినేడు వాళ్ల ఊరు టూసాన్ వెళ్లి 49-7తో కొట్టొచ్చాం కాబట్టి వాళ్లు కసి మీద వస్తారు.

ఒక్క మ్యాచే చూసే తీరిక ఉంటే మాత్రం అక్టోబర్ 18, శనివారం, టెక్సస్ టెక్. మనం ఏ పాటివాళ్లమో ఆ రోజే తేలిపోతుంది. ఆ సోమవారమే దీపావళి, తెలుగువాళ్ల పార్టీలన్నీ ఆ శనివారమే పెట్టేస్తారు. మిమ్మల్నెవరైనా పిలిస్తే ఆదివారానికి మార్చమని ఇప్పుడే అడగండి. మా గ్యాంగ్‌లో ఇప్పటికే మార్చేశాం.