ఓహైయో నది, డ్రావో టోబోట్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అమెరికా నదీ రవాణా గురించి చదివినప్పుడల్లా డ్రావో అనే పేరు కనిపిస్తోంది. అది పడవలు కట్టే కంపెనీయా, డ్యాములు కట్టే కాంట్రాక్టరా?

రెండూ. దాని బలం కూడా అదే. 1891లో ఫ్రాన్సిస్ డ్రావో పిట్స్‌బర్గ్‌లో ఈ వ్యాపారం పెట్టాడు. సోదరుడు రాల్ఫ్ తర్వాత చేరాడు. నదిలో పునాదులు, లాకులు (డ్యాము దగ్గర పడవలను ఒక నీటి మట్టం నుంచి మరో మట్టానికి ఎక్కించి దించే గదులు), డ్యాములు కట్టే పనులు పట్టారు. ఆ పనులకు బార్జులు (సొంత ఇంజన్ లేని చదును సరుకు పడవలు), తేలే క్రేన్లు కావాలి కనుక ముందు సొంతానికి తయారుచేసుకున్నారు, ఆపైన బయటివాళ్లకు అమ్మారు. పిట్స్‌బర్గ్‌కు కాస్త దిగువన, ఓహైయో మధ్యలో ఉన్న నెవిల్ ద్వీపం వాళ్ల పెద్ద యార్డు. 1929 నాటికి పిట్స్‌బర్గ్ నుంచి ఇల్లినాయ్ రాష్ట్రంలోని కెయిరో దాకా 981 మైళ్ల నదిలో 9 అడుగుల లోతు ఏడాది పొడవునా నిలిచేలా డ్యాముల వరుస పూర్తయింది. లాకు గోడ కట్టినవాడికి అందులో పట్టే పడవ కొలత ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ప్రశ్న: బార్జులను తాడు కట్టి లాగకుండా వెనక నుంచి ఎందుకు నెడతారు?

లాగితే ప్రొపెల్లర్ వెనక్కి తోసే నీరు నేరుగా మొదటి బార్జును తాకి, శ్రమను వృథా చేస్తుంది. వంపు దగ్గర వెనకవి తలోదిక్కుకు పోతాయి. అన్నిటికంటే పెద్ద చిక్కు ప్రవాహంతో పాటు దిగేటప్పుడు వస్తుంది: తాడుతో లాగగలం కానీ ఆపలేం. నెట్టే పద్ధతిలో బార్జులన్నిటినీ ఇనుప తాళ్లతో, రాచెట్లతో (తాడును బిగించే పళ్ల మరలతో) బిగించి ఒకే ముద్దగా చేస్తారు. అందుకే బార్జులను నెట్టే పడవ, అంటే టోబోట్, ముక్కు చదునుగా ఉంటుంది. దాని ముందు బార్జుకు ఆనించి నెట్టడానికి నిలువుగా రెండు ఉక్కు దిమ్మెలు, వాళ్ల మాటలో మోకాళ్లు, ఉంటాయి. ఖాళీ బార్జు నీటిపైన ఎత్తుగా తేలుతుంది కనుక, ఆ ఎత్తుకూ అందేలా వాటిని కడతారు.

ఇప్పటి మామూలు బార్జు పొడవు 195 అడుగులు, వెడల్పు 35, మోసే సరుకు సుమారు 1,500 టన్నులు. వరుసకు మూడు చొప్పున అయిదు వరుసలు కడితే 975 అడుగుల పొడవు, 105 అడుగుల వెడల్పు వస్తుంది. లాకు వెడల్పు 110. అటూ ఇటూ మిగిలేది రెండున్నర అడుగులే! లాకు పొడవు 1,200 అడుగులైతే టోబోట్‌తో సహా ఒకేసారి పడుతుంది. 600 అడుగుల లాకైతే ముందు తొమ్మిది బార్జులు విడదీసి పంపి, మిగిలిన ఆరింటితో టోబోట్ తర్వాత వెళ్లాలి. బిగింపు సరిగా లేకపోతే వంపులో బార్జుల మధ్య సందు తెరుచుకుంటుంది, భారం మొత్తం పక్క తాడు మీద పడి అది తెగుతుంది. తెగిన తాడు విసురుకు మనిషి బతకడం కష్టం, అందుకే తాడు బిగుస్తున్నప్పుడు దాని వరసలో ఎవరూ నిలబడరు.

ప్రశ్న: తొమ్మిది అడుగుల నీటిలో అంత పెద్ద ప్రొపెల్లర్ ఎలా తిరుగుతుంది?

పడవ వెనక భాగం అడుగున సొరంగంలా లోపలికి వంపు తీసి, ప్రొపెల్లర్‌ను అందులో పెడతారు. తిరగడం మొదలవగానే సొరంగం నీటితో నిండుతుంది. అయితే సొరంగం వెనక అంచు ఎప్పుడూ నీటిలో మునిగే ఉండాలి. అది తేలితే గాలి లోపలికి పోతుంది, ఇంజన్ వేగం పెరుగుతుంది కానీ తోపు పడిపోతుంది.

దీనికి తోడు కోర్ట్ నాజిల్ ఉంది. జర్మనీకి చెందిన లుడ్విగ్ కోర్ట్ రూపొందించిన ఈ ఉక్కు కంకణాన్ని 1930లలో అమెరికా నదుల మీదకు తెచ్చింది డ్రావోనే. ప్రొపెల్లర్ చుట్టూ విమానపు రెక్క అడ్డుకోత ఆకారంతో ఉండే ఈ కంకణం నీటిని వేగంగా లోపలికి లాగి, తానూ ముందుకు తోస్తుంది. పడవ దాదాపు నిలిచి ఉన్నప్పుడు లాభం 25 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ అది తగ్గుతుంది, బాగా పెరిగితే కంకణమే అడ్డు. ప్రవాహానికి ఎదురుగా బరువు నెట్టే టోబోట్ నెమ్మదిగానే నడుస్తుంది కనుక దీనికి ఇంతకంటే తగిన చోటు లేదు. ఇక ఇబ్బందులు: ప్రొపెల్లర్ రెక్క కొనకూ కంకణానికీ మధ్య సందు చాలా తక్కువ. కొట్టుకొచ్చే దుంగ అందులో ఇరుక్కుంటే రెక్క వంగుతుంది. ఇసుక, గులక కంకణం లోపలి వైపును అరగదీస్తాయి. సందు పెరిగితే లాభం పోతుంది, అందుకే అక్కడ స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీ వేస్తారు.

చుక్కానుల సంగతీ చెప్పాలి. ప్రొపెల్లర్ వెనక ఉండే చుక్కాని వెనక్కి నడిపేటప్పుడు పెద్దగా పనిచేయదు, దానికి నీటి ఒత్తిడి అందదు. అందుకని ప్రతి ప్రొపెల్లర్‌కూ ముందు మరో రెండు చుక్కానులు పెడతారు. రెండు ప్రొపెల్లర్లంటే మొత్తం ఆరు. మలుపులో ఇంజన్లు వెనక్కి తిప్పుతూ ఈ ముందు చుక్కానులతో పడవ వెనక భాగాన్ని జరిపితే, మిగతా పని ప్రవాహమే చేస్తుంది.

ప్రశ్న: సముద్రానికి అంత దూరంలో యుద్ధనౌకలు కట్టారంటే నమ్మొచ్చా?

నమ్మొచ్చు. ట్యాంకులను తీరానికి చేర్చే ఎల్‌ఎస్‌టీ నౌకల్లో మొదటి సంఖ్య వేసుకున్నది, ఎల్‌ఎస్‌టీ-1, పిట్స్‌బర్గ్ యార్డు నుంచి 1942 సెప్టెంబరులో నీటిలోకి దిగింది. పొడవు 328 అడుగులు, వెడల్పు 50. తీరంలో ఒడ్డుకు ఎక్కాలి కనుక అడుగు చదును, మునిగే లోతు తక్కువ. నదిలో నడవడానికి కావలసిందీ అదే. కట్టినవి ఓహైయో, మిసిసిపీల మీదుగా న్యూఆర్లియన్స్ చేరేవి.

ప్రశ్న: నౌకను పక్కకు తోసి దింపుతారట, ఎందుకు?

నది వెడల్పు చాలదు, అంతే. ముక్కు ముందుగా దింపితే ఎదురు ఒడ్డుకు తగులుతుంది. జిడ్డు పూసిన దిమ్మెల మీద నిలిపి, పట్టి ఉంచిన తాళ్లన్నిటినీ ఒకేసారి వదలాలి. ఒక కొస ముందు జారితే నౌక మెలిపడుతుంది.

ప్రశ్న: ఇంత పెద్ద యార్డు ఎందుకు మూతపడింది?

1970లలో ధాన్యం ఎగుమతులు, పన్ను రాయితీలు చూసి నదితో సంబంధం లేని పెట్టుబడిదారులు కూడా బార్జులు కొన్నారు. బార్జు 25, 30 ఏళ్లు పనిచేస్తుంది. అవసరానికి మించి కట్టాక మళ్లీ ఆర్డర్లు రావాలంటే అన్నేళ్లు ఆగాలి. 1980లో సోవియట్ యూనియన్‌కు ధాన్యం అమ్మకంపై ఆంక్ష పడింది, పిట్స్‌బర్గ్ ఉక్కు మిల్లులూ చల్లబడ్డాయి. 1982లో నెవిల్ ద్వీపం యార్డు మూసేశారు. కంపెనీ సున్నం వ్యాపారానికి మళ్లింది, 1998లో బెల్జియం సంస్థ కార్మ్యూజ్ దాన్ని కొనుక్కుంది. మా దృష్టిలో ధాన్యం ఆంక్ష కంటే పన్ను రాయితీ చేసిన చేటే ఎక్కువ.

ప్రశ్న: అప్పటి పడవలకు కొత్త ఇంజన్ వేసి నడపొచ్చా?

నడుపుతూనే ఉన్నారు. ముందు అడుగు పలకల మందాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచి, పలచబడినవి మార్చాలి. కొత్త ఇంజన్ పాతదానికంటే తేలికైతే వెనక భాగం పైకి లేచి సొరంగంలోకి గాలి చొరబడుతుంది. అప్పుడు వెనక ట్యాంకుల్లో నీరు నింపి బరువు సరిచేయాలి.