హాస్టల్ నర్సుగా చేరిన అమ్మాయికి: రక్తం తగ్గే పిల్లల్ని ముందే ఎలా పట్టుకోవాలి

తల్లీ, ఆశీస్సులు.

ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలందరూ ఇక నీ చేతిలో ఉంటారు. వాళ్లలో రక్తం తక్కువున్నవాళ్లు సగానికి పైనే ఉంటారనుకుని పని మొదలుపెట్టు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అందరికీ మాత్రలిచ్చామని రిజిస్టర్లో రాయడం తేలికే. ఏ పిల్లకి ఎందుకు తగ్గిందో రాసుకోవడమే అసలు పని. ఆ కారణం దొరక్కపోతే మాత్రతో ఎక్కిన రక్తం కొన్నాళ్లకి మళ్లీ దిగుతుంది.

హిమోగ్లోబిన్ అంటే రక్తానికి ఎరుపునిచ్చే, ఇనుముతో తయారయ్యే పదార్థం. పన్నెండేళ్లు నిండిన పిల్లకి అది 100 మి.లీ. రక్తంలో 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత. 11 నుంచి 11.9 వరకు కొద్దిపాటిది, 8 నుంచి 10.9 వరకు మధ్యరకం, 8 లోపయితే తీవ్రమైనది. కానీ ఒంట్లో దాచుకున్న ఇనుము అయిపోయాకే ఈ అంకె దిగుతుంది. అందుకే 12.2 వచ్చిన పిల్లని పక్కన పెట్టెయ్యకు. కింది కనురెప్ప లాగి చూసి ఎర్రగానే ఉందనుకోవడం కూడా చాలదు, కొద్దిపాటి రక్తహీనత కంటికి దొరకదు. వేలికి సూది గుచ్చినప్పుడు చుక్క సరిగా రాలేదని వేలు పిండకు. నీరు కలిసి అంకె తప్పొస్తుంది.

మొదట అడగాల్సింది నెలసరి గురించి. "ఎలా అవుతోంది?" అంటే ప్రతి పిల్లా "మామూలుగానే" అంటుంది. అమ్మకీ అక్కకీ అలాగే అయితే ఆ ఇంట్లో అదే మామూలు మరి. అందుకే విడివిడిగా అడుగు. ప్యాడ్ ఎన్ని గంటలకు నిండుతోంది? రాత్రి లేచి మార్చుకుంటోందా? దుప్పటికి అంటుతోందా? రూపాయి బిళ్లంత గడ్డలు పడుతున్నాయా? ఏడు రోజులు దాటుతోందా? గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండుతుంటే ఎక్కువ పోతున్నట్టే.

లెక్క చూడు. మిల్లీలీటరు రక్తంలో ఇంచుమించు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. మామూలుగా నెలకి 30-40 మి.లీ. పోతే 15-20 మి.గ్రా. పోయినట్టు. 80 మి.లీ. దాటితే 40 మి.గ్రా. మన అన్నం పప్పు భోజనంలోని ఇనుములో పదో వంతు కూడా ఒంటికి పట్టదు. అంటే ఆ 40 పూడాలంటే నెలకి 400 మి.గ్రా. పైనే తినాలి, అదీ ఎదుగుదలకి కావలసింది కాకుండా. ఆకుకూర పెట్టి ఊరుకుంటే తీరే లోటు కాదది. అలాంటి పిల్లని గైనకాలజిస్టుకి చూపించాలి. పెద్దమనిషి అయిన నాటి నుంచీ ఎక్కువే అవుతూ, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో కూడా రక్తం వస్తుంటే, పుట్టుకతో రక్తం గడ్డకట్టే లోపం ఉందేమో చూడమని చీటీలో రాసి పంపు.

తర్వాత కంచం. 13-15 ఏళ్ల పిల్లకి రోజుకి 30 మి.గ్రా., 16-18 ఏళ్లకి 32 మి.గ్రా. ఇనుము కావాలని మన హైదరాబాద్ పోషకాహార సంస్థ లెక్క. పాలిష్ బియ్యం 100 గ్రాముల్లో ఒక్క మిల్లీగ్రాము కూడా లేదు. సజ్జల్లో ఆరు, ఉలవల్లో ఎనిమిది పైనే. పొద్దున టిఫిన్ మానేసేవాళ్లు, చారూ పచ్చడితో రెండు ముద్దలు తిని లేచేవాళ్లు, లావవుతున్నామని రాత్రి అన్నం మానేసేవాళ్లు, వారానికి రెండు ఉపవాసాలుండేవాళ్లు ఎవరో భోజనాల హాల్లో వారం రోజులు నిలబడితే తెలిసిపోతుంది. బలపాలు, సుద్దముక్కలు, పచ్చి బియ్యం నమిలే పిల్ల కనిపిస్తే తిట్టకు, రక్తపరీక్ష చేయించు. ఇనుము తగ్గినవాళ్లకి అలాంటివి తినాలనిపిస్తుంది.

బీట్రూట్ ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందని ఇంటివాళ్లు డబ్బాలకొద్దీ రసం పంపుతారు. అందులో 100 గ్రాములకి 1 మి.గ్రా. కూడా ఉండదు. దాని బదులు ఉలవలు నానబెట్టి మొలకెత్తించి గుగ్గిళ్లు చేయించు. పొయ్యి దించాకే నిమ్మకాయ పిండాలి, ఉడికితే సి విటమిన్ పోతుంది. అన్నంతో పాటు జామకాయ ఇస్తే ఆ పూట ఇనుము బాగా పడుతుంది. మాంసం తినేవాళ్లకి వారానికోసారి మేక కార్జం దొరికితే మంచిది. టీ మాత్రం భోజనానికి గంట ముందూ గంట తర్వాతా వద్దు.

నులిపురుగుల సంగతి క్లుప్తంగా చెబుతాను. కొంకిపురుగు మట్టిలోంచి అరికాలి గుండా ఎక్కి పేగుల్లో రక్తం తాగుతుంది. ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఏడాదికి రెండుసార్లు నీ ముందే నమిలించు. మరుగుదొడ్డికి చెప్పుల్లేకుండా వెళ్లే పిల్లలుంటే వార్డెన్‌తో మాట్లాడు.

వారానికొకటి ఇచ్చే నీలం మాత్రలో 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఇది రాకుండా కాపాడే మోతాదు, వచ్చాక చాలదు. 8 నుంచి 11.9 మధ్య ఉన్నవాళ్లకి రోజుకి రెండు చొప్పున మూడు నెలలివ్వాలని ప్రభుత్వ మార్గదర్శకం. నెలనెలా పరీక్ష చెయ్యాలి. 8 లోపున్న పిల్లని నీ దగ్గర ఉంచుకోకు, పెద్దాసుపత్రికి పంపు. ఏ మాత్రా పరగడుపున ఇవ్వకు. ఒకళ్లకి వాంతయితే ఆ గదిలో పదిమందికి వికారం వస్తుంది, మర్నాడు మాత్రలన్నీ కిటికీ కింద కనిపిస్తాయి. అన్నం తిన్నాక నీళ్లతో నీ ఎదుటే మింగించు. పాలతోనో రాగిజావతోనో ఇస్తే అందులోని కాల్షియం ఇనుముకి అడ్డొస్తుంది. విరేచనం నల్లగా వస్తుందని ముందే చెప్పు, లేకపోతే భయపడి మానేస్తారు.

నెల రోజులు సరిగా వేసుకున్నా హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగకపోతే మోతాదు పెంచకు. పూర్తి రక్తపరీక్ష తెప్పించి ఎంసీవీ, అంటే ఎర్రకణం సగటు పరిమాణం, చూడు. 100 దాటితే బీ12 లోపం అనుమానించు. మాంసం, గుడ్లు, పాలు ముట్టని పిల్లల్లో ఇది ఎక్కువ. 80 లోపుంటే ఆ అంకెని రిపోర్టులో మిలియన్లలో ఇచ్చే ఎర్రకణాల సంఖ్యతో భాగించు. 72ని 4తో భాగిస్తే 18, అది ఇనుము లోపం వైపు. 65ని 5.6తో భాగిస్తే 11.6. ఇలా 13 లోపు వస్తే తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే లోపం) ఉండొచ్చు, హిమోగ్లోబిన్ రకాలు తేల్చే హెచ్‌పీఎల్‌సీ పరీక్షకి పంపాలి. ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్లలకి సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) పరీక్ష అయిందో లేదో కార్డు అడిగి చూడు. ఈ జబ్బులున్నవాళ్లకి డాక్టర్ చెప్పకుండా రోజూ రెండు మాత్రలు మొదలుపెట్టకు.

సెలవులకి వెళ్లేటప్పుడు మాత్రలు లెక్కపెట్టి ఇవ్వు, ఎత్తుగా ఉన్న అలమరలో పెట్టమను. పైన తీపి పూత ఉంటుంది. ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లెలో చాక్లెట్ అనుకుని గుప్పెడు మింగితే ప్రాణం మీదికొస్తుంది.